తొమ్మిది సెకన్ల ధ్యాస

హైమావతి రాసిన పరిశోధన పత్రం పన్నెండు పేజీలు. అందులో ఏముందో తమకు తెలుసని చెప్పుకు తిరుగుతున్నవాళ్లు ఒక కోటీ నలభై లక్షల మంది. నాలుగో పేజీ దాకా వెళ్లినవాళ్లు పంతొమ్మిది మంది. ఆ పంతొమ్మిది మందిలో ఇద్దరు ఆవిడ దగ్గర చదువుకుంటున్న పిల్లలు, ఒకాయన ప్రూఫులు దిద్దిన పెద్దమనిషి. మిగిలిన పదహారు మంది ఎవరో గానీ, వాళ్లను ఇంటికి పిలిచి కడుపునిండా భోజనం పెట్టాలని హైమావతికి ఉండేది.

ఈ లెక్క గాలిలోంచి తీసింది కాదు. లెక్క తీసే యంత్రాన్ని తయారుచేసిన నలుగురిలో ఆవిడా ఒకరు. దాన్ని జనం ధ్యాస మీటరు అంటారు. ఫోనుకు ముందువైపున్న కెమెరా మన కంటిపాపను చూస్తుంది. అది అక్షరాల వెంట నడుస్తోందా, ఒకచోట ఆగుతోందా, పెద్దదవుతోందా అని కనిపెట్టి, ఈ మనిషి నిజంగా చదువుతున్నాడో, చదువుతున్నట్టు కనిపిస్తూ సాయంత్రం కూరేమిటా అని ఆలోచిస్తున్నాడో చెప్పేస్తుంది. మనసుపెట్టి తొమ్మిది సెకన్లు చూస్తే ఒక ధ్యాస. ఎన్ని ధ్యాసలు వచ్చాయో ఆ అంకె పేజీ నెత్తిమీద అందరికీ కనబడుతూ ఉంటుంది.

చదవకుండానే నలుగురికీ పంపేవాళ్ల ఆట కట్టించాలనే హైమావతి ఈ పనికి పూనుకుంది. మూడు నిమిషాలు చదివితే ఒక ధ్యాస అనాలన్నది ఆవిడ పట్టుదల. పరీక్షకు డిగ్రీ పిల్లల్ని పిలిచి, బిర్యానీ పెట్టి కూర్చోబెడితే మూడు నిమిషాలు నిలిచినవాడు ఒక్కడూ లేడు. నిమిషం దగ్గర ముగ్గురు మిగిలారు. తొమ్మిది సెకన్ల దగ్గర మాత్రం గీత చక్కగా పైకి లేచింది. "ప్రస్తుతానికి తొమ్మిది పెట్టేద్దామమ్మా, తర్వాత పెంచుకోవచ్చు," అన్నారు ల్యాబు డైరెక్టరు పద్మనాభం గారు. హైమావతి సరేనంది. అది జరిగి అయిదేళ్లు. ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయంలోనైనా మనిషి ఒక మెట్టు ఎక్కాలన్నా, ఒక ల్యాబు తలుపులు తెరిచి ఉండాలన్నా ధ్యాసలే చూస్తున్నారు. దేశంలో ఉన్న పండితులందరూ తొమ్మిది సెకన్లలో చదివించడం ఎలాగో నేర్చుకున్నారు. పదో సెకనులో ఏముందన్నది ఎవరికీ పట్టలేదు.

పత్రం సంగతి ఇదీ. కాకినాడకు కాస్త ఎగువన గోగులపాలెం అని చేపల రేవు ఉంది. బోట్లు ఒడ్డుకు రాగానే చేపల్ని కుప్పలుగా పోస్తారు. ఏ కుప్ప ఎన్ని కిలోలో కాటా పెట్టకుండా, చూసి చెప్పే ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లు చెప్పిన అంకె మీదే బేరం నడుస్తుంది. కుప్పకు ఒకటే మాట. చెప్పాక మార్చడం లేదు, ఇంకొకరు అడ్డం రావడం లేదు. సరుకు ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాక అక్కడ తూచిన చీటీ సాయంత్రానికి వాళ్ల చేతికి వస్తుంది. హైమావతి ఆరేళ్లపాటు స్టాప్‌వాచీ పట్టుకుని ఆ రేవులో నిలబడింది. పాతికేళ్లు దాటిన అనుభవం ఉన్నవాళ్లు ఒక్క సెకనులో చెప్పిన అంకె అచ్చంగా సరిపోతోంది. అదే మనిషిని ఆలోచించి చెప్పమంటే తప్పుతోంది. ఇది మొదటి పేజీ. నాలుగో పేజీలో అసలు సంగతి ఉంది. ఏళ్ల తరబడి చూసి, చెప్పి, తూచిన చీటీ రోజూ కళ్లతో చూసుకున్న మనిషికే ఇది వర్తిస్తుంది. మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు మొదట తోచినది బొమ్మా బొరుసూ వేసినదానికంటే అధ్వానం. చేపల కుప్పకు పనికొచ్చిన చూపు వానకూ, గాలికీ, జబ్బుకూ పనికిరాదు. ఇంత స్పష్టంగా రాసింది హైమావతి.

జనానికి చేరింది మూడే ముక్కలు: మొదట తోచిందే నిజం.

పత్రం వచ్చిన రెండో వారంలో ఆవిడ భర్త శేషగిరి సంచీ నిండా వంకాయలు తెచ్చాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. హైమావతి కత్తిపీట ముందు కూర్చుని నాలుగు కాయలు కోసింది. నాలుగూ పుచ్చులే.

"ఏరుకుని తేలేకపోయారా?" అంది.

"ఏరడం దేనికి హైమా? మొదట చెయ్యి పడ్డవి తీసుకొచ్చేశాను. నీ పరిశోధనే కదా."

"నా పరిశోధన మీరు చదివారా?"

"చదవకపోవడమేంటి. మా స్టాఫ్ రూములో అందరిచేతా చదివించాను."

"నాలుగో పేజీ?"

శేషగిరి ఖాళీ సంచీ మడతపెడుతూ, "నాలుగో పేజీ కూడా ఉందా?" అన్నాడు.

హైమావతికి ఒళ్లు మండిపోయింది. పుచ్చు వంకాయల్ని ఆయన ఒళ్లో పోసి లేచిపోదామనుకుంది. కట్టుకున్నవాడే తొమ్మిది సెకన్లు దాటకపోతే పరాయివాళ్లను అని ఏం లాభం. ఆ పూట పప్పుచారుతో సరిపెట్టుకున్నారు.

ల్యాబులో పద్మనాభం గారు మాత్రం గాలిలో తేలిపోతున్నారు. వచ్చినవాళ్లందరికీ గోడమీద తెరలో పెరుగుతున్న అంకెను చూపించి టీలు ఇప్పిస్తున్నారు. హైమావతి నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఒక వివరణ రాసి పెట్టింది. ఆరు వాక్యాలు, ఒక్కటీ తప్పు లేదు. దాన్ని తెరిచినవాళ్లు రెండువందల పద్నాలుగు మంది. వచ్చిన ధ్యాసలు సున్నా. మొదటి వాక్యంలో "షరతులకు లోబడి" అన్న మాట దగ్గరే అందరి కళ్లూ జారిపోయాయని మీటరు గీత గీసి మరీ చూపించింది.

ఆశ్వయుజం చివర్లో ఒక మంగళవారం ఉదయం తొమ్మిదింటికి నూకరత్నం ల్యాబుకు వచ్చింది. గోగులపాలెం రేవులో కుప్ప చెప్పేవాళ్లందరిలోకీ పెద్ద చెయ్యి ఆవిడది. ముప్ఫై ఒక్కేళ్లుగా అదే పని. పత్రం మొదటి పేజీ ఫోటోలో కుప్పమీద చాచి ఉన్న చెయ్యి ఆవిడదే. ఆరేళ్లలో ఆవిడ హైమావతి దగ్గరకు రావడం అదే మొదటిసారి.

"కూర్చోండి నూకరత్నం గారూ. ఏమైంది?"

ఆవిడ కూర్చోలేదు. "మా సత్తిబాబు ఏటకి ఎల్తానంటన్నాడు మేడంగారూ. నాలుగ్గంటలకి బోటు దింపుతాడంట. రేడియోలో ఆయిగుండం అని సెప్తన్నారు. ఎల్లొద్దురా అంటే ఇనడు."

సత్తిబాబు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఆరేళ్లు. సరంగై బోటు నడపడం మొదలుపెట్టి రెండేళ్లు.

"ఎందుకు వినడు?"

నూకరత్నం హైమావతి ముఖంలోకి చూసింది. "మీ కాయితం సూపిత్తాడండి. గట్టుమీద నిలబడి ఓపాలి సముద్రం కేసి సూత్తాడు. మొదట ఏం తోత్తే అదే. ఇప్పుడు కుర్ర సరంగులందరూ అంతే సేత్తన్నారు. పొద్దున్న సూసేడంట, బాగుందని తోసిందంట. ఆడి ఎనకాల ఇంకో పదకొండు బోట్లున్నాయి."

పడవలు ఆపాలన్న ఉత్తర్వు ఇంకా రాలేదు. వెళ్లకపోతే మంచిదని మాత్రం చెబుతున్నారు. హైమావతి చేతిలో పని అలాగే వదిలేసి నూకరత్నంతో ఆటో ఎక్కింది.

సత్తిబాబు బోటులోకి ఐసు ఎక్కిస్తున్నాడు. హైమావతిని చూడగానే గట్టుమీదికి దూకి దండం పెట్టాడు. వాడి మర్యాద చూస్తే ఆవిడకు ఇంకా చిరాకేసింది. ఎదురు తిరిగేవాడైతే నాలుగు చివాట్లు పెట్టేది.

"సత్తిబాబూ, నేను రాసింది మీ అమ్మలాంటివాళ్ల గురించి. చేపల గురించి. సముద్రం గురించి కాదు. నువ్వు బోటు పట్టి రెండేళ్లేగా?"

"అయ్యుండొచ్చు మేడంగారండీ. కానీ మొదట తోసిందే నిజమని మీరే రాసేరు కదండి."

"అలా రాయలేదు నాయనా. ఇదిగో, నాలుగో పేజీ. ఇక్కడే, నా ముందే చదువు."

తన ట్యాబు వాడి చేతికిచ్చింది. చదువుతున్నవాడి కన్ను ఎక్కడుందో అదే తెరమీద చిన్న చుక్కగా కనబడేలా ల్యాబువాళ్లు పెట్టుకున్నారు. సత్తిబాబు కళ్లు మొదటి వాక్యం మీద నడిచాయి, రెండో వాక్యం మధ్యకు వచ్చాయి, అక్కడినుంచి ఎగిరి పేజీ నెత్తిమీదున్న అంకె దగ్గరకు వెళ్లి కూర్చున్నాయి. మూడు సెకన్లు. మళ్లీ కిందికి రమ్మని హైమావతి వేలితో చూపించింది. వచ్చాయి. మళ్లీ అంకె దగ్గరకే పోయాయి.

"కోటీ నలభై లచ్చల మంది సదివేరండి," అన్నాడు వాడు, ట్యాబు జాగ్రత్తగా తిరిగిచ్చేస్తూ. "అంతమందీ తప్పుగా సదివేరంటారా?"

"అవును. అంతమందీ."

వాడు నవ్వేశాడు. పెద్దావిడ మాటకు ఎదురు చెప్పలేక నవ్వే నవ్వు అది. తర్వాత ఐసు దగ్గరకు వెళ్లిపోయాడు.

ల్యాబుకు తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. ఆటోలో కూర్చున్నంతసేపూ హైమావతి తన్ను తాను తిట్టుకుంటూనే ఉంది. ఆ తొమ్మిది సెకన్లు పెట్టినప్పుడు కాదనలేకపోయింది. అంకెను పేజీ నెత్తిన పెట్టినప్పుడూ కాదనలేకపోయింది. ఇప్పుడు ఒక కుర్రాడు తల్లి మాట కన్నా, తన కాగితం కన్నా, ఆ అంకెనే నమ్ముతున్నాడు.

పద్మనాభం గారు విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "వివరణలు పెట్టి లాభం లేదమ్మా," అన్నారు. "ఆ కుర్రాడు నమ్మేది పెద్ద అంకెనే. దానికన్నా పెద్ద అంకె పక్కన నిలబెట్టాలి. తొమ్మిది సెకన్లలో అయిపోయేది రాయి. మొదట తోచింది తప్పు. అంతే."

"అది అబద్ధం కదండీ."

"వాళ్లు నమ్ముతున్నది మాత్రం నిజమా?"

"నూకరత్నం గారి విషయంలో నిజమే. ఆరేళ్లు కొలిచాను. ఆవిడ చూపు తప్పని నేనెలా రాసేది?"

"నువ్వు చేపల గురించి రాయక్కర్లేదు. తప్పు అని రాయి, చాలు. పాత ఫోటోయే పెట్టు. కొత్త బొమ్మయితే ఎవరూ ఆగరు. అందరికీ తెలిసిన చెయ్యి అది."

నూకరత్నం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. హైమావతి ఆవిడ దగ్గరకు వెళ్లింది. "మీ చెయ్యి బొమ్మ పెట్టి, మొదట తోచింది తప్పు అని రాయమంటున్నారు నూకరత్నం గారూ. అది నిజం కాదు. మీకు మంచిది కాదేమో కూడా."

"నా కొడుకు ఆగుతాడా?"

"ఆగొచ్చు."

"అయితే రాసెయ్యండి. నా సెయ్యి కాకపోతే తలకాయ ఎట్టుకోండి."

హైమావతి రాసింది. "మొదట తోచింది తప్పు: గోగులపాలెం పరిశోధకురాలి ఒప్పుకోలు." కింద రెండు వాక్యాలు, పైన నూకరత్నం చెయ్యి. చూపుడువేలు మీట మీద పెట్టి కాసేపు ఆగింది. ఇరవై రెండేళ్లుగా పరిశోధన చేస్తోంది. తెలిసి తెలిసి ఒక అబద్ధాన్ని తన పేరుతో బయటకు వదలడం ఎన్నడూ లేదు. నొక్కేసింది.

ఒంటిగంటకు ఇరవై లక్షల ధ్యాసలు. మూడింటికి డెబ్భై లక్షలు. ఎవరి తప్పు ఒప్పుకోలైనా సరే, జనం తొమ్మిది సెకన్లు నిలబడి చూస్తారని ఆవిడకు అప్పుడు తెలిసింది. మూడూ నలభైకి పాత అంకెను కొత్త అంకె దాటింది. నాలుగింటికి నూకరత్నం ఫోను చేసింది. సత్తిబాబు బోటు తాడు విప్పలేదు. గట్టుమీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. మిగతా పదకొండు బోట్లూ కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి వాయుగుండం ఒడ్డు దాటింది. రేవులో కట్టి ఉన్న బోట్లే ఒకదాన్నొకటి ఢీకొని రెండు పగిలిపోయాయి. ఆ సమయానికి సముద్రంలో ఉండవలసిన డెబ్భై ఇద్దరు మనుషులు ఇళ్లలో కూర్చుని కిటికీలకు గోనెలు కట్టుకున్నారు. హైమావతి ఆ మాట విని పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. శేషగిరి కాఫీ కలిపి తెచ్చి తలుపు బయటే నిలబడ్డాడు.

ఆ వారమంతా ల్యాబులో అభినందనలే. పద్మనాభం గారు హైమావతిని ప్రొఫెసరుగా సిఫారసు చేశారు. ఎందుకంటే ఒకే విషయం మీద అవునన్నందుకూ, కాదన్నందుకూ రెండుసార్లు కోటి దాటించిన పరిశోధకురాలు దేశంలో ఇంకొకరు లేరు. హైమావతి మూడోసారి కూర్చుని, ఏది ఎవరికి నిజమో, ఎంతవరకు నిజమో, తాను ఎందుకు అబద్ధమాడవలసి వచ్చిందో అంతా వివరంగా రాసింది. దానికి ముప్ఫై ఒక్క ధ్యాసలు వచ్చాయి. ఒకటి శేషగిరిది. ఆయన ఈసారి చివరిదాకా చదివాడు. చదివి, "చాలా పెద్దదిగా ఉంది హైమా," అన్నాడు. పాపం, ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆవిడకు మాత్రం ఆ పూట ఆయనతో మాట్లాడాలనిపించలేదు.

ఎనిమిదో రోజు ఉదయం గోగులపాలెం వెళ్లింది. బోట్లు అప్పుడే వస్తున్నాయి. రేవు అంతా ఎప్పట్లాగే ఉంది, ఒక్క కొత్త వస్తువు తప్ప. ఐసు ఫ్యాక్టరీ తరఫున సరుకు కొనే లోవరాజు ఒక ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి గట్టుమీద పెట్టించాడు. తుఫాను మర్నాడే తెచ్చాడట. తప్పని మేడంగారే ఒప్పుకున్నాక ఇంకా కంటి మీద బేరమేంటని అన్నాడట. అయినా పాత అలవాటు కొద్దీ ముందు నూకరత్నాన్ని అడిగి, తర్వాత తూస్తున్నారు.

సత్తిబాబు బోటు నుంచి కానాగంత చేపలు దిగాయి. కుప్ప పోశారు.

"సెప్పు రత్తమ్మా," అన్నాడు లోవరాజు.

నూకరత్నం చెయ్యి చాచింది. నోరు తెరిచింది, మూసింది. కుప్ప దగ్గరకు వంగి రెండు చేపల్ని తిరగేసింది. అటు నుంచి ఇటు నడిచింది. పెదవులు కదులుతున్నాయి. "నలబై... ఆగండి," అంది.

హైమావతి ఆరేళ్లలో వేల కుప్పలు కొలిచింది. మూడు సెకన్లు దాటాక నూకరత్నం చెప్పిన అంకె సరైనది ఒక్కటీ లేదు.

"నలబై ఆరు," అంది నూకరత్నం.

కాటా మీద యాభై తొమ్మిది పడింది. ఎవరూ నవ్వలేదు. "పర్లేదులే, కాటా ఉందిగా," అన్నాడు లోవరాజు. కుర్రాళ్లు చేపల్ని తట్టల్లోకి ఎత్తారు.

హైమావతి ఆవిడను పక్కకు పిలిచింది. "నూకరత్నం గారూ, ఆలోచించకండి. మునుపటిలా చూడగానే చెప్పండి. నేను రాసింది మీ గురించి కాదు."

"నా సెయ్యే కదమ్మా అందులో ఉంది."

"ఉంది. అయినా అది అబద్ధం. సత్తిబాబు ఆగాలని రాశాను. మీ ముందే కదా రాశాను."

"తెలుసమ్మా. మీరు ముందే సెప్పేరు, నేనే రాయమన్నాను. ఆడు కళ్లముందు తిరుగుతున్నాడు, నాకింకేం కావాలి." నూకరత్నం చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "సూడగానే అంకె ఇప్పటికీ వచ్చేత్తాదమ్మా. రాకేం. దాని ఎనకాలే, అది తప్పేమోనని ఇంకోటి వత్తాది. ఆ రెండిట్లో నాది ఏదో నాకు తెలవటం లేదు."

హైమావతికి చెప్పవలసిన మాటలన్నీ తెలుసు, వాటికి పట్టికలున్నాయి, గీతలున్నాయి. మొదట వచ్చిందే మీదండీ అని చెబితే, ఆ మాట కూడా తప్పేమోనని నూకరత్నం నిలబడి ఆలోచిస్తుంది.

"రత్తమ్మా," అని పిలిచాడు లోవరాజు. ఇంకో కుప్ప పోశారు.

నూకరత్నం వెళ్లి నిలబడింది. హైమావతి ముఖం సముద్రం వైపు తిప్పుకుంది. సెకన్లు లెక్కపెట్టకూడదనే అనుకుంది గానీ ఆరేళ్ల అలవాటు ఊరుకోలేదు. ముప్ఫై దాకా వచ్చింది. ఆగి వెనక్కి చూస్తే, నూకరత్నం ఇంకా కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉంది.